చంద్రుడి మీద వరినాట్లు

మా అపార్టుమెంటులో కింది అంతస్తులో ఉండే అమ్మాయి డిజైనింగు చదువుతోంది. కరెంటు పోయిన సాయంత్రాలు పైకి వచ్చి నా బాల్కనీలో కూర్చుంటుంది. మొన్న అలాగే వచ్చి, "ఆంటీ, ఇవి చూడండి" అని ఫోను నా చేతిలో పెట్టింది.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఎర్ర నక్షత్రం గుర్తున్న రాకెట్లు. చంద్రుడి మీద గాజు బుడగల్లాంటి ఇళ్ళు. వాటి మధ్య నవ్వుతూ నడుస్తున్న పనివాళ్ళు, పిల్లలు.

"లోకమంతా కమ్యూనిజం వచ్చేస్తే ఎలా ఉంటుందో పాతకాలం రష్యావాళ్ళు గీసుకున్న బొమ్మలంట ఆంటీ. వీటిని చూసి మా ఫ్రెండ్స్ కొత్తవి కంప్యూటర్లో చేస్తున్నారు. ఇదిగోండి, ఇందులో అమెరికా సోదిలోకే లేదు. చైనా, ఆఫ్రికా కలిసి అంగారకుణ్ణి ఏలుతున్నాయి" అని నవ్వింది. "జరగలేదు కదండీ, అందుకే చూడ్డానికి ముద్దుగా ఉంటాయి."

కరెంటు వచ్చింది. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నేను లేచి లైటు వెయ్యలేదు. అలాంటి బొమ్మ ముందు నేను ఒక ఎండాకాలమంతా కూర్చున్నాను. ఆ సంగతి తనకి చెప్పాలనిపించింది గానీ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

మా నాన్నని పోలీసులు తీసుకెళ్ళింది చలికాలంలో. అప్పుడు మేం మైలవరం దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. సరిహద్దులో చైనాతో యుద్ధం వచ్చిందనీ, పార్టీలో చైనాని వెనకేసుకొచ్చేవాళ్ళని పట్టుకుని జైల్లో వేస్తున్నారనీ పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. నాన్న చైనాని ఎప్పుడూ చూడలేదు. కృష్ణ దాటి గుంటూరు వెళ్ళడమే ఆయనకి పెద్ద ప్రయాణం. కానీ సాయంత్రం అరుగు మీద పదిమంది చేరితే మాత్రం, అక్కడి రైతులు కొండల్ని ఎలా తవ్వి పొలాలు చేశారో నిన్ననే చూసొచ్చినట్టు చెప్పేవాడు.

అమ్మ నాకు ఊహ తెలియకముందే విషజ్వరంతో పోయింది. అందుకని మావయ్య వచ్చి నన్నూ, నా రేకు పెట్టెనూ బెజవాడ తీసుకెళ్ళాడు.

మావయ్య అంటే అమ్మకి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. బొమ్మలు వేసేవాడు. షాపుల బోర్డులు, సినిమా బ్యానర్లు, చర్చి గోడ మీద వాక్యాలు, ఎన్నికలొస్తే పార్టీ గుర్తులు, ఎవరు ఏది అడిగితే అది. కృష్ణలంకలో వాళ్ళ ఇల్లు ముందొక గది, వెనకొక తాటాకు పాక. గదిలో అమ్మమ్మ, పాకలో మావయ్య. అమ్మమ్మ వాళ్ళది బందరు అవతల సముద్రపు ఒడ్డు ఊరు. అమ్మమ్మ ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. మావయ్య గుమ్మం దాకా దింపి, బయట టీ తాగి, మళ్ళీ తీసుకొచ్చేవాడు.

ఆ ఇంటి వాసన నాకిప్పటికీ ముక్కులోనే ఉంది. ముందు గదిలో ఎండురొయ్యల వాసన, పాకలో టర్పెంటైను వాసన. రెండూ కలిసేది మధ్య గుమ్మం దగ్గర. గుడ్డ మీద పూత పూయడానికి మావయ్య వజ్రం ఉడికించేవాడు. అది ఎముకల నుంచి తీసే జిగురు. పొయ్యి మీద పెడితే వీధి చివరికి కంపు కొట్టేది. అమ్మమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఆ పొయ్యి మీదే రేపు పప్పు వండాలిరా నేను" అని అరిచేది.

నన్ను పక్కవీధి బడిలో వేశారు. మొదటి వారం బాగానే ఉంది. తర్వాత మా నాన్న ఎక్కడున్నాడో ఎవరో చెప్పేశారు. అప్పట్నుంచి నేను "చైనా పిల్ల"ని. యుద్ధంలో చనిపోయిన సిపాయిల గురించి మా టీచరు పాఠం మధ్యలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నప్పుడు, క్లాసంతా తిరిగి నన్ను చూసింది. తొక్కుడుబిళ్ళ ఆటలో నా వంతు ఎప్పుడూ వచ్చేది కాదు. నేను గోడవారగా నిలబడి, వాళ్ళ గళ్ళు చెరిగిపోతే సుద్దముక్క అందించేదాన్ని. కొన్నాళ్ళకి అదీ మానేసి, బడి వదలగానే పరుగెత్తుకుంటూ పాకలోకి వచ్చేసేదాన్ని.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మాస్టారు వచ్చారు. ఆయన పార్టీలో పెద్దాయన. ఒకప్పుడు బళ్ళో పంతులు గనక అందరూ మాస్టారనే పిలిచేవారు. మావయ్యకి అక్షరాలు నేర్పింది, బొమ్మలు వెయ్యమని మొట్టమొదట రంగులు కొనిచ్చింది ఆయనే.

"వానాకాలం ఎగ్జిబిషన్ పెడుతున్నామోయ్" అన్నారు మాస్టారు, అమ్మమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ. "ముఖద్వారం ఎదురుగా పెద్ద తెర కావాలి. రాబోయే లోకం ఎలా ఉంటుందో వెయ్యాలి నువ్వు. మనిషి చంద్రుడి మీదికి వెళ్ళాక, దేశాలూ యుద్ధాలూ పోయాక, ఆకలి పోయాక. చూసినవాడు ఇంటికెళ్ళి నిద్రపోకూడదు."

"చంద్రుడి మీద ఏముంటాయండీ?" అని అడిగాడు మావయ్య.

"ఏమైనా ఉంటాయి. నువ్వు ఏది వేస్తే అది ఉంటుంది."

మావయ్య ఆ మాటకి పడిపోయాడు. వారం రోజులు అన్నం ముందు కూర్చుని కూడా గోడకేసి చూసేవాడు. అప్పట్లో రష్యా నుంచి తెలుగులో రంగురంగుల పత్రికలు వచ్చేవి. కాగితం నున్నగా, దళసరిగా ఉండేది. బెజవాడలో సగం మంది పిల్లల పుస్తకాలకి వాటి అట్టలే. మావయ్య ఒక కట్ట తెచ్చి నేలంతా పరిచాడు. చైనా పత్రికలు కూడా ఎక్కడో దాచినవి బయటికి తీశాడు, కిటికీ మూసి. ఇద్దరం బోర్లా పడుకుని చూసేవాళ్ళం.

రెండిట్లోనూ భూగోళం బొమ్మలున్నాయి. రష్యావాళ్ళ దాంట్లో మధ్యలో రష్యా. చైనావాళ్ళ దాంట్లో మధ్యలో చైనా.

"ఎవరి పుస్తకంలో వాళ్ళే మధ్యలో ఉన్నారేంటి మావయ్యా?" అన్నాను.

మావయ్య నా వంక అదోలా చూసి, పెద్దగా నవ్వాడు. "ఈ ముక్క మాస్టారి దగ్గర అనకు."

"మరి నువ్వెవర్ని పెడతావు?"

"మధ్యలో సముద్రం పెడతాను. దానికైతే ఎవరూ పోట్లాడరు."

గుమ్మంలో చేపలు తోముతున్న అమ్మమ్మ తలెత్తకుండానే, "సముద్రం కోసం పోట్లాడరని నీకెవడు చెప్పాడ్రా? మా ఊరొచ్చి చూడు" అంది.

తెర పాకంత పొడుగు. వెదురు చట్రానికి బిగించి నిలబెడితే పాకలో నడవడానికి దారి లేదు. మావయ్య ముందు బొగ్గుతో గీసి, తర్వాత రంగులు ఎక్కించడం మొదలుపెట్టాడు. పైన నల్లటి ఆకాశంలో నీలం భూమి, మధ్యలో మన సముద్రం. కింద చంద్రుడు. చంద్రుడి మీద పెద్ద గాజు బుడగ, దానిలో పొలం. పొలంలో మన ఆడవాళ్ళు వరుసగా వంగి వరినాట్లు వేస్తున్నారు. ఒంటి మీద వెండిరంగు బట్టలు, తలమీద గాజు టోపీలు, నడుముకి మాత్రం చీర కుచ్చెళ్ళు దోపుకున్నట్టే ఒక గుడ్డ. పొలం పక్కన కాలువ. కాలువ మీద నీళ్ళకి తగలకుండా తేలిపోయే పడవలు. ఒక రాకెట్టు నుంచి కొబ్బరిబోండాలు దింపుతున్నారు.

అమ్మమ్మ సాయంత్రం దీపం పట్టుకుని వచ్చి చూసేది. "బైబిల్లో ఉందని మా పాదిరిగారు చెప్పే కొత్త పట్టణం కూడా ఇలాగే గాజులా మెరుస్తుందంటరా. అక్కడా ఏడుపు ఉండదు, చావు ఉండదు. మీ మాస్టారు, మా పాదిరిగారు ఒకే ఊరు గురించి చెప్తున్నారేమో."

"మీ ఊరికి చచ్చాక వెళ్ళాలి. మా ఊరికి బతికుండగానే" అన్నాడు మావయ్య.

"సరే, ఎప్పుడు బస్సు?" అంది అమ్మమ్మ. నేను పడీపడీ నవ్వాను. ఆ ఇంట్లో నేను అంతగా నవ్విన రోజు ఇంకోటి గుర్తులేదు.

మావయ్య అన్నం తినడానికి వెళ్ళినప్పుడు నేనొకసారి సన్న బ్రష్షు తీసుకుని గాజు బుడగ మీద ఒక కాకిని వేశాను. నల్లరంగు కారి, కాకికి మూడో కాలు వచ్చింది. తిడతాడనుకుని అమ్మమ్మ మంచం కింద దూరాను. మావయ్య వచ్చి, తెరకి దగ్గరగా వంగి చూశాడు. తర్వాత "గాలి లేనిచోట ఎగిరొచ్చిందంటే గట్టి కాకే" అని, ఆ మూడో కాలుని తుడిచి, రెక్క మీద కాస్త నీలం వేసి ఉంచేశాడు.

మాస్టారు చెప్పినదాని ప్రకారం బొమ్మకి ముందువైపు ముగ్గురు మనుషులు భుజాల మీద చేతులేసుకుని నిలబడాలి. ఒక రష్యావాడు, ఒక చైనావాడు, మధ్యలో మన రైతు. రష్యావాడికీ చైనావాడికీ పత్రికల్లో మొహాలు దొరికాయి. రైతు మొహం ఖాళీగా ఉండిపోయింది.

"నాన్నని వెయ్యి మావయ్యా" అన్నాను.

మా ఇంట్లో నాన్న ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నదాన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. మావయ్య కాసేపు ఆలోచించి, నన్ను కిటికీ వెలుగులో స్టూలు మీద కూర్చోబెట్టాడు. "ఆ గడ్డం, ముక్కు మీ నాన్నవే. కదలకు. నీలోంచి ఆయన్ని తీస్తాను" అన్నాడు. రోజూ కాసేపు కదలకుండా కూర్చునేదాన్ని. చీమ కుట్టినా కదిలేదాన్ని కాదు. కొద్దికొద్దిగా తెర మీద నాన్న వచ్చాడు. ముందు ముక్కు, తర్వాత కళ్ళకింద ముడత, తర్వాత ఎడమవైపు కాస్త ఎక్కువగా సాగే ఆ నవ్వు.

ఆ తర్వాత నేను అన్నం కంచం పాకలోకే తెచ్చుకునేదాన్ని. చింతచిగురు పప్పు, చద్దన్నంలో ఆవకాయ, ఏదైనా సరే, తెర ముందు కూర్చునే తినేదాన్ని. బడిలో జరిగినవన్నీ చెప్పేదాన్ని. వెండిరంగు బట్టల్లో నాన్న నవ్వుతూ వినేవాడు. రష్యావాడూ చైనావాడూ కూడా వినేవారు. ఆ ముగ్గురూ తప్ప నాతో మాట్లాడే స్నేహితులు ఎవరూ లేరప్పుడు.

తొలకరి జల్లు పడ్డ వారంలో మాస్టారు మళ్ళీ వచ్చారు. ఈసారి మజ్జిగ వద్దన్నారు. తెర ముందు చాలాసేపు నిలబడ్డారు.

"గొప్పగా వేశావోయ్" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ చైనావాణ్ణి తీసెయ్యాలి" అన్నారు.

మావయ్యకి అర్థం కాలేదు. "అదేంటి మాస్టారూ, ముగ్గురూ ఉండాలన్నది మీరేగా?"

"అప్పుడన్నాను. ఇప్పుడు రోజులు అలా లేవు. వాళ్ళకీ రష్యావాళ్ళకీ చెడింది. మనలోనూ రెండు జట్లు అవుతున్నాయి, నీకు తెలియంది కాదు. పైగా ఊళ్ళో జనం రాళ్ళేస్తారు. ఎగ్జిబిషనే జరగదు."

"వాడి చెయ్యి బావ భుజం మీద ఉందండీ."

మాస్టారు అప్పుడు నాన్న మొహాన్ని గుర్తుపట్టినట్టున్నారు. నన్ను చూశారు. జేబులోంచి ఏదో తీయబోయి మానేసి, "నీ ఇష్టం. నువ్వు తియ్యకపోతే ఇంకొకడితో తీయించాలి. వాడు ఏం చెడగొడతాడో చెప్పలేను" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

మావయ్య రెండు రోజులు తెర దగ్గరికి పోలేదు. మూడో రోజు పొద్దున నేను లేచేసరికి చైనావాడున్న చోట వరిమోపు ఉంది. ఎత్తైన, బంగారురంగు వరిమోపు. నాన్న దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డట్టు ఉంది. చాలా అందంగా వేశాడు. నేను ఆ రోజు అన్నం అమ్మమ్మ గదిలో తిన్నాను.

నాన్న ఎగ్జిబిషనుకి కొద్దిరోజుల ముందే విడుదలయ్యాడు. కబురు లేదు, ఏమీ లేదు. వాన పడుతుంటే తడుస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసి, బాగా చిక్కిపోయి ఉన్నాడు. నేను వెంటనే దగ్గరికి వెళ్ళలేకపోయాను. అన్నాళ్ళుగా నేను మాట్లాడుతున్న నాన్న లావుగా, వెండిబట్టల్లో ఉన్నాడు మరి. అమ్మమ్మ నన్ను ముందుకు తోసింది. నాన్న కూర్చుని నా తల పట్టుకుని వాసన చూశాడు. "టర్పెంటైను" అని నవ్వాడు.

అమ్మమ్మ హడావిడిగా రొయ్యల ఇగురు వండింది. నాన్న తృప్తిగా తిన్నాడు. మావయ్య పక్కనే కూర్చుని జైలు సంగతులు అడిగాడు, నాన్న చెప్పిన ప్రతిదానికీ నవ్వాడు. నేనే చెడగొట్టాను, ఏమీ తెలియక. "నాన్నా, నిన్ను చంద్రుడి మీద వేశాడు మావయ్య. చూద్దువుగాని రా" అని చెయ్యి పట్టుకుని పాకలోకి లాక్కెళ్ళాను. మావయ్య వెనకే వచ్చాడు.

నాన్న చూశాడు. మొదట ఆయన మొహం వెలిగింది. వరినాట్లు, కాలువ, కాకి, అన్నీ ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాను. తన మొహం దగ్గర ఆగి, "నేనేనట్రా ఇది?" అన్నాడు మురిపెంగా. తర్వాత ఆయన కళ్ళు భుజం మీదికి వెళ్ళాయి. అక్కడ నాలుగు వేళ్ళు ఉన్నాయి. మావయ్య మనిషిని తీసేశాడు గానీ, ఆ వేళ్ళు తీస్తే భుజం చెడుతుందని వదిలేశాడు. వరిమోపు వెనక నుంచి వచ్చినట్టు ఉన్నాయవి.

"ఇక్కడ ఎవరున్నార్రా?" అన్నాడు నాన్న.

"చైనావాడు" అన్నాడు మావయ్య, నేలకేసి చూస్తూ.

"నేను ఎవరి కోసం జైల్లో ఉన్నానో వాణ్ణి తుడిచేశావన్నమాట."

"వాడి కోసం నువ్వెందుకు జైల్లో ఉండాలి బావా? వాడు మన సిపాయిల్ని చంపాడు. ఊళ్ళో పిల్లని చైనా పిల్ల అని ఏడిపిస్తున్నారు, తెలుసా నీకు?"

"నువ్వూ వాళ్ళ పాట అందుకున్నావా? మాస్టారు చెప్పారా? రష్యావాళ్ళు చెప్పారా?"

"ఎవరు చెప్తే ఏంటి? తెర బయటికి పోవాలి. పదిమంది చూడాలి."

"మనిషిని చెరిపేసి, వాడి చెయ్యి మిగిల్చి, ఇదీ రాబోయే లోకం అని పదిమందికి చూపిస్తావు" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "అయితే నన్నెందుకు ఉంచావు? నన్నూ తీసెయ్యి."

"బావా."

"తీసెయ్యమన్నాను. నాకు ఈ బొమ్మలో ఉండాలని లేదు."

మావయ్య గిరుక్కున తెర వైపు తిరిగాడు. సఫేదా డబ్బా మూత తీశాడు. అది చిక్కటి తెల్లరంగు, దేన్నైనా కప్పేస్తుంది. వెడల్పు బ్రష్షు ముంచాడు.

"వద్దు మావయ్యా" అని అతని కాళ్ళు పట్టుకున్నాను. "నాన్నా, వద్దని చెప్పు."

ఇద్దరూ నా మాట వినలేదు. మావయ్య ముందు నవ్వు మీద వేశాడు. తర్వాత కళ్ళ మీద. రెండు దెబ్బల్లో నాన్న పోయాడు. అసలు నాన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. అయినా నేను ఎవరో పోయినట్టు ఏడ్చాను.

అమ్మమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "తగలెయ్యండి మీ చంద్రమండలం! ఇంట్లో ఉన్న ఇద్దరు మగాళ్ళు ఒక పాకలో నిలబడలేరు గానీ లోకమంతా ఒకటి చేస్తారంట!" అని ఇద్దర్నీ తిట్టింది. నాన్న ఆ వానలోనే నా రేకు పెట్టె భుజానికెత్తుకుని, నన్ను బస్టాండుకి నడిపించాడు. అమ్మమ్మ వెనకాలే వచ్చి, కదులుతున్న బస్సు కిటికీలోంచి ఎండురొయ్యల పొట్లం నా ఒళ్ళో పడేసింది. మావయ్య రాలేదు.

ఎగ్జిబిషన్లో ఆ తెర పెట్టారట. నాన్న మొహం ఉన్న చోట ఇంకెవరిదో మొహం వేశారట. నేను చూడలేదు. ఆ తర్వాత పార్టీ నిజంగానే రెండు ముక్కలైంది. నాన్న ఒక ముక్క, మావయ్య ఇంకో ముక్క. కొన్నేళ్ళకి మావయ్య దాన్నీ వదిలేశాడని అమ్మమ్మ చెప్పింది. అమ్మమ్మే అప్పుడప్పుడు మైలవరం బస్సెక్కి నన్ను చూడ్డానికి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ మావయ్య గురించి నాన్నకి వినబడేలా చెప్పేది. నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. మావయ్య పేరు ఎత్తితే నాన్న మొహం ఎలా మారుతుందో చూసి చూసి, నేను ఎత్తడం మానేశాను. అమ్మమ్మ పోయినప్పుడు సమాధుల తోటలో ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారు. నేను మధ్యలో నిలబడ్డాను. ఏ వైపు వెళ్ళినా రెండోవాళ్ళని వదిలేసినట్టు అవుతుందనిపించి, అందరూ వెళ్ళేదాకా అక్కడే ఉండిపోయాను.

నేను నర్సు ట్రైనింగు అయ్యి బెజవాడలో ఒక ఆసుపత్రిలో చేరాను. క్వార్టర్సులో ఒక్కదాన్నే ఉండేదాన్ని. పెళ్ళి మాట రెండు మూడుసార్లు వచ్చి పోయింది. నాన్న పల్లెలోనే ఉన్నాడు. సెలవు దొరికితే వెళ్ళి వస్తుండేదాన్ని. అలా వస్తూ ఒకసారి బస్సులో కూర్చుని ఉండగా, ముందు పోతున్న లారీ వెనక తలుపు మీద ఒక బొమ్మ కనబడింది. నల్ల ఆకాశం, నీలం భూమి, మధ్యలో సముద్రం. కింద చంద్రుడి మీద పచ్చటి నారుమడి. లారీల వెనక తామరపూలు, నెమళ్ళు ఉంటాయి గానీ ఇది ఎవరు వేయించుకుంటారు?

మర్నాడు లారీల పనులన్నీ జరిగే ఆటోనగర్ వెళ్ళాను. రేకుల షెడ్లు, సుత్తుల మోత, వెల్డింగు నిప్పురవ్వలు. అడుగుతూ అడుగుతూ పోతే ఒక లారీ బాడీలు కట్టే షెడ్డు చూపించారు. మావయ్య బల్ల మీద కూర్చుని ఒక డీజిలు ట్యాంకు మీద గీతలు లాగుతున్నాడు. జుట్టు తెల్లబడింది. వెనక్కి తిరిగి, నన్ను చూసి, ముందు నా గడ్డం చూశాడు.

"కదలకు" అన్నాడు. తర్వాత నవ్వాడు. తర్వాత ఏడ్చాడు.

ఆ లారీ ఓనరు ఏదైనా కొత్తగా వెయ్యమన్నాడట. "నెల రోజులు తిరిగొచ్చి, అందరూ అడుగుతున్నారు, ఇదేం ఊరు అని, ఏం చెప్పమంటావు అన్నాడు. మన కృష్ణా జిల్లానే అని చెప్పమన్నాను" అన్నాడు మావయ్య. నాన్న గురించి నేను చెప్పలేదు. అతనూ అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "కళ్ళు బాగానే కనబడుతున్నాయా ఆయనకి?" అన్నాడు.

ఆ తర్వాత కొంతకాలానికే రష్యా ముక్కలైపోయిందని పేపర్లో వచ్చింది. ఆ రోజు నేను పల్లెలోనే ఉన్నాను. నాన్న జీవితమంతా రష్యావాళ్ళని తిట్టినవాడు. సంతోషిస్తాడేమో అనుకున్నాను. పేపరు మడిచి పక్కన పెట్టి, మధ్యాహ్నం అన్నం వద్దన్నాడు. సాయంత్రం అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉంటే, ఎందుకో ధైర్యం వచ్చి చెప్పేశాను.

"మావయ్యని చూశాను నాన్నా. ఆటోనగర్లో ఉన్నాడు."

నాన్న లేచి పెరట్లోకి వెళ్ళలేదు. చాలాసేపటికి, "ఏం వేస్తున్నాడు?" అన్నాడు.

"లారీలకి."

తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు. నేనూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఏళ్ళు గడిచాయి. నాన్న శుక్రవారాలు బెజవాడ వచ్చేవాడు. పార్టీ ఆఫీసులో పని అనేవాడు. నాకు డ్యూటీ ఉండేది. సాయంత్రం నా క్వార్టర్సుకి వచ్చి, కాఫీ తాగి, ఆఖరి బస్సుకి వెళ్ళిపోయేవాడు.

నాన్న మా ఆసుపత్రిలోనే పోయాడు. గుండెపోటు, ఎక్కువ బాధపడలేదు. పార్టీవాళ్ళు వచ్చి జెండా కప్పి, పల్లెకి తీసుకెళ్ళి అన్నీ వాళ్ళే చూసుకున్నారు. అదంతా అయ్యాక నేను ఆటోనగర్ వెళ్ళాను. ఎంత పగ ఉన్నా చెప్పడం ధర్మం అనుకున్నాను. దారంతా ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను.

"నాన్న పోయాడు మావయ్యా" అన్నాను.

మావయ్య బ్రష్షు డబ్బాలో పెట్టాడు. గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడుచుకున్నాడు.

"అందుకా, శుక్రవారం రాలేదు" అన్నాడు.

"ఎవరు రాలేదు?"

"మీ నాన్న."

మావయ్య నన్ను చూసి తెల్లబోయాడు. "నీకు చెప్పలేదా? అదేంటే, నువ్వే పంపించావనుకున్నాను నేను. అడ్రసు నీ దగ్గరే తీసుకున్నానన్నాడు."

లారీ తొట్టిలో ఒక గోనెపట్టా పరిచి ఉంది. ఇద్దరూ దాని మీద కూర్చునేవారట. టీ తెప్పించుకునేవారట. నాన్న పేపరు పైకి చదివేవాడట, మావయ్య పని చేసుకుంటూ వినేవాడట.

"ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"ఏముంది, దేశాల సంగతులే. చైనా ఇప్పుడు బొమ్మలూ గొడుగులూ అమ్ముకుంటోందని ఆయన తిట్టేవాడు. రష్యాని నేను తిట్టేవాణ్ణి. తర్వాత తిట్టుకోవడానికి మాకు ఏ దేశమూ మిగల్లేదు." డబ్బాలోంచి బ్రష్షు తీసి టర్పెంటైనులో కడిగాడు. "ఎక్కువగా నీ గురించే అడిగేవాడు."

"నా గురించా?"

"తను జైల్లో ఉన్నప్పుడు నువ్వెలా ఉండేదానివో అని. ఏం తినేదానివి, రాత్రిళ్ళు ఏడ్చేదానివా, బొమ్మ ముందు కూర్చుని ఏం చెప్పేదానివి. నాకు గుర్తున్నదంతా చెప్పాను. చెప్పిందే మళ్ళీ అడిగేవాడు."

మావయ్య కూడా పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళిద్దరూ కలిసినందుకు సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఆ రోజు ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక వచ్చిన దుఃఖం ఇంకోరకంది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇద్దర్నీ నొప్పించకూడదని నేను నోరు మూసుకున్నన్నాళ్ళూ వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. నా చిన్నతనం గురించి నాన్న మావయ్యని అడిగాడు. నన్నే అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని. ఆటోనగర్ మా ఆసుపత్రికి బస్సులో ఎంతోసేపు పట్టదు. ఒక్క శుక్రవారం పిలిచి ఉంటే, సెలవు పెట్టి వెళ్ళి, ఆ గోనెపట్టా మీద ఇద్దరి మధ్యా కూర్చునేదాన్ని.